రానివాళ్ల లెక్క

మా అక్క కూతురు డాక్టరు. జనరల్ సర్జరీలో పి.జి. చేస్తోంది. కిందటి నెల ఓ ఆదివారం పొద్దున్నే లాప్‌టాప్ భుజాన వేసుకుని ఊడిపడింది. "పిన్నీ, టిఫిను తర్వాత. ముందు నువ్వూ అమ్మమ్మా ఇలా వచ్చి కూచోండి. ఎనిమిది నిమిషాలు. మధ్యలో మాట్లాడకూడదు" అంది.

సంగతేమిటంటే, సర్జన్ల సదస్సులో అది పేపరు చదవాలి. చదవడానికి ఎనిమిది నిమిషాలు, ప్రశ్నలకి రెండు. గంట కొట్టగానే దిగిపోవాలిట. మా టీవీకి లాప్‌టాప్ తగిలించి, సెల్‌ఫోన్లో టైము పెట్టుకుని మొదలుపెట్టింది. నేను సోఫాలో. అమ్మ కింద చాప మీద చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ.

దాని పరిశోధన రొమ్ము కేన్సర్ ఆపరేషనైన ఆడవాళ్ల గురించి. ఆ ఆపరేషనులో చంకలోని లింఫ్ గ్రంథుల్ని కూడా తీస్తారు. వాటిగుండా పోవలసిన ద్రవానికి దారి లేక చేతిలోనే నిలిచిపోయి, కొందరికి చెయ్యి వాచిపోతుంది. ఆపరేషనైన కొద్దిరోజుల్లోనే చేతి కసరత్తులు నేర్పితే, ఆ తర్వాత వాపు ఎలా ఉంటోందన్నది మావాళ్లమ్మాయి చూసింది. చూడ్డమంటే, మూడునెలలకోసారి పిలిపించి టేపుతో కొలవడం. జాకెట్టు చేతికి టైలరు కొలత తీసినట్టే.

టేపు పట్టుకున్న ఫొటో తెరమీదికి రాగానే అమ్మ చేతిలో చిక్కుడుకాయ ఆగిపోయింది.

అమ్మకి ఆపరేషను 1999లో అయింది. నాకప్పుడు పన్నెండేళ్లు. చిన్న గడ్డ ఉంది, తీసేస్తారు అని చెప్పి తీసుకెళ్లారు. తిరిగొచ్చేసరికి ఎడమవైపు ఏమీ లేదు. ఇంట్లో ఆ మాట ఎవరూ పైకి అనలేదు. నాన్న కూడా 'ఆపరేషను' అనేవారే తప్ప దేనికో చెప్పేవారు కాదు. ఏడాది తిరక్కుండా చెయ్యి వాచింది. అప్పట్నించీ అమ్మ జాకెట్లన్నిటికీ ఎడమచెయ్యి రెండంగుళాలు ఎక్కువ. ఎందుకని టైలరు అడిగితే, "నీకెందుకోయ్, చెప్పినట్టు కుట్టు" అనేది. అక్కకి అప్పుడు చంటిపిల్ల. ఎత్తుకోమని చేతులు చాస్తే ఎత్తుకోలేక, మంచమ్మీద కూచుని ఒళ్లో వేయించుకునేది అమ్మ. ఆ చంటిపిల్లే ఇదిగో, మా టీవీ పక్కన నిలబడి ఇంగ్లీషులో గడగడా చదివేస్తున్న డాక్టరమ్మ!

ఏడు నిమిషాల యాభై సెకన్లకి ముగించింది. బాగుందన్నాను. కాస్త నెమ్మదిగా చదవమన్నాను. అంతటితో ఊరుకోవచ్చుగా... "ఏమైనా ఈ సదస్సులన్నీ శాలువాలూ, మెమెంటోలూ, మధ్యాహ్నం బఫే వరసలేగా!" అనేశాను. నిజం చెప్పొద్దూ, నా అభిప్రాయం అదే.

అది నొచ్చుకోలేదు. పెసరట్టు తుంచుకుంటూ ఓ కథ చెప్పింది. కథలు రాసుకునే నాకే కథ చెప్పి నోరు మూయించింది.

అమెరికాలో హాల్‌స్టెడ్ అని ఒక గొప్ప సర్జన్. బాల్టిమోర్‌లో జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో పనిచేసేవాడు. 1894లో తన దగ్గర ఆపరేషను చేయించుకున్న యాభైమంది వివరాలు ప్రచురించాడు. గరికని వేళ్లతో సహా పెకలించాలన్నట్టు, రొమ్మూ, దానికింద ఛాతీ కండరాలూ, చంకలో గ్రంథులూ మొత్తం కోసి తీసెయ్యాలన్నది ఆయన పద్ధతి. ఆయన చెప్పింది అబద్ధమేం కాదు. కోసినచోట మళ్లీ గడ్డ రావడం నిజంగానే బాగా తగ్గింది. కానీ తక్కువ కోసినవాళ్లకంటే ఎక్కువ కోసినవాళ్లు ఎక్కువకాలం బతుకుతున్నారా అని ఇద్దర్నీ పక్కపక్కన పెట్టి చూడలేదు. ఆయన శిష్యులూ చూడలేదు. పెద్దాయన మాట కదా! డెబ్బయ్యేళ్లకి పైగా అదే వేదం. పక్కటెముకలు బయటికి కనిపించే ఛాతీతో, వాచిన చేతులతో ఎంతమంది ఆడవాళ్లు బతికారో.

ఇంకో సంగతి వింటే నాకు ఒళ్లు జలదరించింది. అప్పట్లో పరీక్షకోసం గడ్డలోంచి ముక్క తీయడానికి మత్తు ఇచ్చేవారు. కేన్సరని తేలితే ఆ మత్తులోనే మొత్తం తీసేసేవారు. కళ్లు తెరిచేదాకా రొమ్ము ఉందో లేదో ఆవిడకి తెలీదు. రోజ్ కుష్నర్ అనే పత్రికా రచయిత్రి 1974లో ఈ జబ్బు బయటపడ్డప్పుడు, పరీక్ష వేరు, ఆపరేషను వేరు, మధ్యలో నన్ను అడగండి అని పట్టుబట్టింది. 1979లో అమెరికా ప్రభుత్వ ఆరోగ్య పరిశోధన సంస్థ పెట్టిన నిపుణుల బృందంలో డాక్టరు కాని మనిషి ఆవిడ ఒక్కర్తే. పరీక్ష, ఆపరేషను విడివిడిగా చెయ్యాలని ఆ బృందం చెప్పింది.

హాల్‌స్టెడ్ మాటని నిలదీసినవాడు పిట్స్‌బర్గ్ సర్జన్ బెర్నార్డ్ ఫిషర్. 1971లో మొదలుపెట్టి, కొందరికి హాల్‌స్టెడ్ పద్ధతీ, కొందరికి కండరాలు వదిలేసి రొమ్ము మాత్రం తీసే పద్ధతీ చేయించాడు. ఎవరికి ఏదన్నది డాక్టరు ఇష్టం కాదు, చీటీ తీసినట్టు నిర్ణయం. నాకు మొదట ఒళ్లు మండింది, మనిషి వంటిమీద చీటీలాటేమిటని! "చీటీ వెయ్యకపోతే డాక్టరు తనకి నచ్చిన పద్ధతికి తేలిక రోగుల్ని ఎంచుకుంటాడు పిన్నీ" అంది. చాలామంది సర్జన్లకి అది రుచించలేదు. అయినా సాగింది. ప్రాణం నిలబడ్డంలో తేడా లేదని తేలింది. తర్వాత 1976లో ఇంకో అడుగు వేశాడు. నాలుగు సెంటీమీటర్లకి మించని గడ్డ అయితే గడ్డవరకే తీసి రొమ్ము ఉంచెయ్యొచ్చా? 1985లో పద్ధెనిమిదొందలమందికి పైగా ఆడవాళ్ల ఫలితాలు ప్రచురించాడు. మిలాన్‌లో వెరొనేసి అనే సర్జను 701 మంది వివరాలతో 1981లోనే అలాంటి సంగతే చెప్పాడు. ఇరవయ్యేళ్లపాటు వాళ్లని వదలకుండా గమనించి 2002లో ఇద్దరూ మళ్లీ చెప్పారు. రొమ్ము తీసినా ఉంచినా ఆయుష్షు ఒకటే. అయితే రొమ్ము ఉంచితే రేడియేషను కావాలి. ఫిషర్ లెక్కలో అది ఇవ్వనివాళ్లలో నూటికి 39 మందికి అదే రొమ్ములో మళ్లీ వచ్చింది, ఇచ్చినవాళ్లలో 14 మందికి.

మధ్యలో పెద్ద గొడవ. ఫిషర్‌కి రోగుల వివరాలు పంపే మాంట్రియల్ సర్జన్ ఒకాయన కొన్ని కాగితాలు దిద్ది పంపాడని 1994లో లోకానికి తెలిసింది. వెంటనే బయటపెట్టలేదని ఫిషర్‌ని పదవిలోంచి తప్పించారు. 1997లో ఆయనకి క్షమాపణ చెప్పారనుకోండి. ఆయన 2019లో, నూటొకటో ఏట పోయారు. కానీ ముఖ్యం అది కాదు. మాంట్రియల్ పేర్లన్నీ తీసేసి మళ్లీ మొదట్నించీ లెక్క కట్టారు. ఫలితం మారలేదు!

"అందుకే పిన్నీ, పదిమందిలో నిలబడి చెప్పడం. తప్పుంటే ఎవరో ఒకరు పట్టుకుంటారు" అంది.

నేను కాఫీ కలపడానికి లేచాను. అప్పుడు అడిగింది అమ్మ, చిక్కుడుకాయల పళ్లెంలోంచి తలెత్తకుండా. "మరి నీ పేపర్లో కొలతలకి రానివాళ్లు ఏమయ్యారే?"

అమ్మకి ఇంగ్లీషు రాదు. పట్టికలో అంకెలు తగ్గుతూ రావడం చూసిందిట.

"వాళ్లు ఫాలో అప్‌కి రాలేదు అమ్మమ్మా. లెక్కలోంచి తీసేశాను."

"నేనూ రెండుసార్లు వెళ్లి మానేశాగా. బస్సెక్కాలంటే ఆ చెయ్యి పైకి లేచేది కాదు. అక్కడ మొగపిల్లల ముందు జాకెట్టు విప్పాలంటే సిగ్గు. నన్నూ తీసేసే ఉంటారు."

హాల్లో కాసేపు ఎవరం మాట్లాడలేదు. చెయ్యి బాగా వాచినవాళ్లే రావడం మానేస్తే, వచ్చినవాళ్ల చేతులు చూసి వాపు తక్కువే అనుకుంటాం. బాగున్నవాళ్లే మానేస్తే ఉన్నదానికంటే ఎక్కువ కనిపిస్తుంది. ఏదైనా కావచ్చు. నాకే అర్థమైందంటే దానికి అర్థం కాకుండా ఉంటుందా? ముఖం ఎర్రబడింది. "పేపరు ఇచ్చేశానే అమ్మమ్మా" అని గొణిగింది. తర్వాత దొడ్డి గుమ్మం దగ్గరికి పోయి వాళ్ల ప్రొఫెసరుగారికి ఫోను చేసి చాలాసేపు మాట్లాడింది.

ఆ వారమంతా రాత్రిళ్లు డ్యూటీ దిగాక కేసు షీట్లు వెతికి ఫోన్లు చేసింది. కొన్ని నంబర్లు లేవు. కొన్ని ఎవరెవరికో మారిపోయాయి. ఒకావిడ భర్త ఎత్తి, ఆవిడ పోయిందని చెప్పాడుట. ఒకావిడ, "చెయ్యి బానే ఉందమ్మా, మిరపకోతలు, అందుకే రాలేదు" అంది. ఇంకొకావిడ చెయ్యి మాట ఎత్తగానే ఏడ్చేసి, "మళ్లీ రమ్మంటారా? రావచ్చా?" అని అడిగిందిట. ఇది నాతో చెబుతున్నప్పుడు మావాళ్లమ్మాయి గొంతూ బాగాలేదు.

సదస్సులో ఒక స్లైడు పెంచింది, రానివాళ్లెందరు, వాళ్లలో ఎందరి సంగతి తెలిసింది అని. అందుకోసం తన ఫలితాల స్లైడు ఒకటి తీసేసుకుంది. గంట కొట్టేముందే దిగిందిట. ప్రైజు దానికి రాలేదు, వీడియోలు చూపించినవాళ్లెవరికో వచ్చింది. శాలువా మాత్రం ఇచ్చారు, అమ్మకి తెచ్చింది.

అమ్మ పాత కాగితాలు కూడా ఆరోజు చూసింది. "గడ్డ పెద్దదే పిన్నీ. అప్పట్లో రేడియేషనుకి వారాలతరబడి ఊరు వదిలి ఉండాలి. నేనైనా అదే ఆపరేషను చేసేదాన్నేమో. కానీ అమ్మమ్మని అడిగేదాన్ని" అంది. ఇప్పుడు తొలిదశలో చాలామందికి చంకలో గ్రంథులన్నీ తీయకుండా ముందున్న ఒకటి రెండు తీసి పరీక్షిస్తారుట. అందువల్ల చేతుల వాపులు తగ్గాయని చెప్పింది.

అమ్మ శాలువా మడిచి పక్కన పెట్టి, ఎడమచెయ్యి దానిముందు చాపింది. "ఏదీ, ఆ టేపుందా? నాదీ కొలు."

ఇరవయ్యారేళ్లలో అడిగినవాళ్లు లేరు, అమ్మ చాపిందీ లేదు. అది మణికట్టు దగ్గర, మోచేతి పైన, కింద కొలిచి నోటుపుస్తకంలో రాసుకుంది. సెంటీమీటర్లు చదివి వినిపించింది.

"అంగుళాల్లో చెప్పవే, టైలరుకి చెప్పాలి" అంది అమ్మ.