నక్కవాగు నేర్పిన పాఠము



బావి నీరు పాడైపోతే రైతు కుటుంబమునకు ఏమి మిగులును? పొలము ఉన్నను పంట ఉండదు. పశువు ఉన్నను పాలు ఉండవు. పూర్వపు మెదక్ జిల్లాలో, అనగా నేటి సంగారెడ్డి జిల్లాలో, పటాన్‌చెరు చుట్టుప్రక్కల ఊళ్లకు ఇదే సంభవించినది.

1970వ దశకములో అక్కడ పారిశ్రామికవాడ వెలసినది. మందుల కంపెనీలు, రసాయన కర్మాగారములు వచ్చినవి. మన పిల్లలకు పని దొరుకునని సంతోషించినవారు లేకపోలేదు. అయితే వాటి వ్యర్థ జలము చెరువులలోనికి, నక్కవాగులోనికి చేరినది. నక్కవాగు మంజీరలో కలియును. ఆ నీరు పారిన పొలములు చెడినవి, బోరు నీళ్లు త్రాగుటకు పనికిరాకుండ పోయినవి.

చట్టము లేక ఇట్లు జరిగినదా? కాదు. జల కాలుష్య నివారణ చట్టము 1974లోనే వచ్చినది. దానిని అమలుచేయుటకు కాలుష్య నియంత్రణ మండలియు ఏర్పడినది. అయినను కాగితము మీది చట్టము నీటిని శుభ్రము చేయదు గదా! రైతులు కూడి పోరాడిరి. స్థానిక వైద్యులు డాక్టర్ ఎ. కిషన్‌రావు గారు వారి పక్షమున నిలిచిరి. 1990లో వ్యాజ్యము సుప్రీంకోర్టుకు చేరినది. రైతులకు నష్టపరిహారము, గ్రామములకు మంచినీరు ఇవ్వవలెనని కోర్టు ఆదేశించినది.

చిన్న కంపెనీ ఒంటరిగా శుద్ధి యంత్రములు పెట్టుకొనలేదు. గనుక ఖర్చు పంచుకొని 1994లో ఉమ్మడి శుద్ధి కేంద్రము ప్రారంభించిరి. ఆలోచన మంచిదే. కాని స్వీడన్ శాస్త్రజ్ఞులు ఆ కేంద్రము నుండి వెలుపలికి వచ్చు నీటిని పరీక్షించి 2007లో ప్రకటించిన సంగతి మనలను కలవరపరచును. లీటరు నీటిలో 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ అను మందు ఉన్నది! ఆ మందు మ్రింగిన రోగి రక్తములో సహితము అంత ఉండదు. ఇట్టి నీటిలో మందులకు లొంగని సూక్ష్మజీవులు పెరుగును. అప్పుడు మన బిడ్డకు జ్వరము వస్తే ఏ మందు వేయుదుము?

తరువాత ఆ నీటిని గొట్టముల ద్వారా హైదరాబాదు అంబర్‌పేట శుద్ధి కేంద్రమునకు మళ్లించిరి. అక్కడనుండి అది మూసీలో కలియును. నక్కవాగు భారము కొంత తగ్గినది. మరి మూసీ దిగువనున్న రైతు మనకు పొరుగువాడు కాడా?

కాబట్టి మనము గ్రహింపవలసినది ఇది. ముందు నడువవలసినది ప్రభుత్వమే, ఎందుకనగా తనిఖీ చేయుటకు, తప్పుచేసిన కర్మాగారమును మూయించుటకు అధికారము దానికే ఉన్నది. కంపెనీ తన మురికిని తన గేటులోపలనే శుద్ధి చేయవలెను. మన వంతు మాటేమిటి? వాగు రంగు మారిన దినమున తేదీ వ్రాసిపెట్టి, గ్రామసభలో చెప్పి, మండలికి అర్జీ పంపవలెను. పురుగుమందు డబ్బాలు మనమే కాలువలో కడుగుచు ఇతరులను తప్పుపట్టిన యెడల ఎవరు వినెదరు?

నష్టపరిహారము ఒకనాడు చేతికి రావచ్చును. అది చెడిన బావిని తిరిగి తీపిచేయలేదు. ఆ బావి చెడకమునుపే మనము మాటలాడుదము.