వీధిలో వెలిగే చెట్టు
(రేడియో మహిళా కార్యక్రమంలో చేసిన ప్రసంగ పాఠం)



కొడుకో, కూతురో, తోబుట్టువో అమెరికాలోనో ఇంగ్లండులోనో లేని ఇల్లు ఇవాళ మన పట్టణాల్లో తక్కువే. కాన్పుకనీ, మనవల్ని చూద్దామనీ మనమూ వెళ్ళి వస్తూనే ఉన్నాం. డిసెంబరు నెలలో అక్కడున్న మనవాళ్ళ ఇళ్ళల్లో ఒక చిన్న చిక్కు వస్తుంది. చిన్నదే గాని, పసిపిల్లలున్న తల్లికి అది చిన్నది కాదు. అదే క్రిస్మస్ చెట్టు సంగతి.

ఒక డిసెంబరులో నేను మా తమ్ముడింటికి వెళ్ళాను. న్యూయార్కుకు నది అవతలి ఒడ్డున జెర్సీ సిటీ అనే ఊళ్ళో వాళ్ళది రెండు గదుల ఫ్లాటు. ఏడేళ్ళ మా మేనకోడలు బడినుంచి వస్తూనే, "అత్తా, మా క్లాసులో అందరిళ్ళల్లోనూ చెట్టుంది. మనింట్లో ఎందుకు లేదు?" అని అడిగింది. మా మరదలు వంటింట్లోంచే, "మనకు ఆనవాయితీ లేదమ్మా" అంది. పిల్ల ముఖం చిన్నబుచ్చుకుని వెళ్ళిపోయింది.

రాత్రి పిల్ల పడుకున్నాక మరదలు నా దగ్గర కూచుని, "కొనలేక కాదు వదినా. పెట్టకపోతే పిల్ల అందరిలోనూ వేరుపడిపోతానని బాధపడుతుంది. పెడదామా అంటే, మనం కొలవని దేవుడి పండగను ఇంటి అలంకారానికి వాడుకున్నట్టుంటుందేమోనని మనసొప్పదు" అంది. ఆ మాట నాకు నచ్చింది. ఇంట్లో చెట్టు పెట్టుకునే హిందువులు అక్కడ ఎందరో ఉన్నారు. వారిని తప్పుపట్టే పని లేదు. కాని మనసొప్పని వారు పిల్లకేం చెప్పాలి? "అది వాళ్ళ పండగ, మనకెందుకు?" అని తలుపు మూసేయాలా?

ఇంట్లో చెట్టంటే పనీ ఎక్కువే. నిజం చెట్టయితే మొదలు కోసింది కాబట్టి తొట్టిలో రోజూ నీళ్ళు పోస్తుండాలి. పోసినా సూదుల్లాంటి ఆకులు తివాచీ నిండా రాలతాయి. ఎండిందంటే నిప్పుకు భయం. ప్లాస్టిక్ చెట్టయితే పండగయ్యాక పదకొండు నెలలు ఎక్కడో దాచాలి. ఆ ఫ్లాట్లలో మనిళ్ళల్లోలా అటకలుండవు కదా!

అప్పుడు నాకు మా చిన్నతనం గుర్తొచ్చింది. మా పుట్టింట్లో బొమ్మల కొలువు ఆనవాయితీ లేదు. అయినా సంక్రాంతి వస్తే మాకేం లోటు? పక్కింటివారి కొలువుకి పేరంటానికి వెళ్ళేవాళ్ళం. బొమ్మలు చూసి, పాట పాడి, శనగలు కొంగున కట్టుకుని వచ్చేవాళ్ళం. కొలువు పెట్టిన ఇల్లూ, చూడవచ్చిన ఇల్లూ రెండూ కలిస్తేనే పండగ. క్రిస్మస్ చెట్టుకీ ఇలాంటి పేరంటం ఉందా అని తెలుసుకుంటే, ఉంది. దాని కథే చెబుతాను.

మొదట్లో ఇది ఇంటి లోపలి చెట్టే. జర్మనీలో పుట్టిన అలవాటు. కొమ్మలకు కొవ్వొత్తులు గుచ్చి వెలిగించేవారు, పక్కన నీళ్ళ బకెట్టు ఉంచుకునేవారు. 1882లో ఎడిసన్ దగ్గర పనిచేసిన ఎడ్వర్డ్ జాన్సన్ అనే ఆయన న్యూయార్కులోని తన ఇంట్లో చెట్టుకు 80 చిన్న చిన్న కరెంటు బల్బులు చుట్టాడు. కొవ్వొత్తి గాలికి ఆగదు, బల్బు ఆగుతుంది. అందుకే చెట్టు వీధిలోకి రావడం సాధ్యమైంది.

వీధిలోకి ఎందుకు వచ్చిందో వినండి. న్యూయార్కులో ఎమిలీ హెరెషాఫ్ అనే ఆవిడకు, చెట్టు కొనుక్కునే తాహతు లేనివాళ్ళు ఇందరున్నారే, వారందరికీ కలిపి ఒక చెట్టుండకూడదా అనిపించింది. 1912 డిసెంబరు 24 సాయంత్రం మాడిసన్ స్క్వేర్ అనే తోటలో సుమారు 60 అడుగుల చెట్టు నిలబెట్టి దీపాలు వెలిగించారు. దానికి 'వెలుగు చెట్టు' అని పేరు. దాని గుర్తుగా 1916లో పెట్టిన నక్షత్రం ఒకటి ఆ తోటలో స్తంభం మీద ఉంది. చూశారా! ఊరి చెట్టు పుట్టిందే ఇంట్లో చెట్టు లేనివారి కోసం. అక్కడ మనం పిలవని పేరంటానికి వెళ్ళినవాళ్ళం కాము.

ఇప్పుడు లోకమంతా టీవీలో చూసే రాక్‌ఫెల్లర్ సెంటర్ చెట్టు కథ ఇంకా బాగుంటుంది. 1931లో అమెరికాలో పనులు లేక జనం అల్లాడుతున్న రోజులు. ఆ భవనాలు కట్టే కూలీలు తలా కొంత వేసుకుని 20 అడుగుల చెట్టు కొన్నారు. ఇళ్ళల్లో ఆడవాళ్ళూ పిల్లలూ చేసిన కాగితం దండలు, క్రాన్‌బెర్రీ అనే ఎర్రపళ్ళ దండలు దానికి కట్టారు. క్రిస్మస్ ముందురోజున ఆ బురదలోనే, ఆ చెట్టు పక్కనే వరసగా నిలబడి జీతం అందుకున్నారు. 1933 నుంచి దాన్ని వేడుకగా వెలిగిస్తున్నారు. ఇప్పుడు 70 అడుగుల నుంచి 100 అడుగుల దాకా ఉండే చెట్టు, 50,000 దాకా దీపాలు. ఎవరో గృహస్థు తన పెరట్లోని చెట్టును ఇస్తాడు. పండగయ్యాక, 2007 నుంచి, ఆ కలపను పేదలకు ఇళ్ళు కట్టే సంస్థకు ఇస్తున్నారు.

కొన్ని చెట్లు కృతజ్ఞతకు గుర్తు. లండన్‌లో ట్రఫాల్గర్ స్క్వేర్ చెట్టును 1947 నుంచి ఏటా నార్వేలోని ఓస్లో నగరం పంపుతోంది. రెండో ప్రపంచయుద్ధంలో తమ రాజుకూ ప్రభుత్వానికీ చోటిచ్చి ఆదుకున్నందుకు. అమెరికాలోని బోస్టన్‌కు కెనడా నుంచి చెట్టు వస్తుంది. 1917 డిసెంబరు 6న కెనడాలో హాలిఫాక్స్ రేవులో మందుగుండు ఓడ పేలి సుమారు రెండు వేల మంది చనిపోతే, బోస్టన్ వాళ్ళు డాక్టర్లనూ మందులనూ రైల్లో పంపారు. మరుసటి ఏడు హాలిఫాక్స్ వాళ్ళు ఒక చెట్టు పంపారు. 1971 నుంచి ఏటా పంపుతున్నారు. ఇచ్చిన వాయనానికి తిరుగు వాయనం లాంటిదే గదా!

ఇక వెళ్ళదలచినవారికి నాలుగు మాటలు. రాక్‌ఫెల్లర్ చెట్టును మొదట వెలిగించేది సాధారణంగా థాంక్స్‌గివింగ్ పండగ తరువాతి బుధవారం రాత్రి. ఆ రోజు పిల్లలతో వెళ్ళకండి. గంటల తరబడి కంచెల వెనక నిలబడాలి, మధ్యలో బయటికి రావడం కష్టం. చెట్టు జనవరి మొదటి రోజుల దాకా ఉంటుంది. మామూలు పనిరోజున పొద్దున్నే వెళ్ళండి. శీతకాలం గనక అప్పటికింకా చీకటిగానే ఉంటుంది, దీపాలూ వెలుగుతుంటాయి, జనం ఉండరు. మరీ పసివాళ్ళుంటే మీ పేటలోని చిన్న చెట్టే మేలు. చిన్న చిన్న ఊళ్ళల్లోనూ డిసెంబరు మొదట్లో టౌనుహాలు ముందో, పార్కులోనో చెట్టు వెలిగిస్తారు, బడిపిల్లలు పాటలు పాడతారు.

చలిని తక్కువగా చూడొద్దు. చీర కట్టుకునే వెళ్తామంటే లోపల ఉన్ని పైజామా, కాళ్ళకు మేజోళ్ళూ బూట్లూ తప్పవు. పిల్లలకు టోపీ, చేతితొడుగులు ఒక జత అదనంగా పెట్టుకోండి, ఒకటి ఎలాగూ పారేసుకుంటారు. ఫ్లాస్కులో వేడి పాలు తీసుకెళ్ళండి. ఇంకొక మాట. వారు భక్తిగీతాలు పాడేటప్పుడు ఫొటోల హడావిడి మాని కాసేపు నిలబడండి. వారికది ఏసుక్రీస్తు పుట్టినరోజు. మన గుడిలో హారతి వేళ ఎదుటివారు ఎలా ఉండాలని కోరుకుంటామో అలాగే.

మేము ముగ్గురం ఒక బుధవారం పొద్దున, పిల్ల బడికి సెలవు పెట్టించి, రైలెక్కి వెళ్ళాం. చెట్టు కింద నిలబడి పిల్ల తల వెనక్కి వాల్చి చూస్తే టోపీ కింద పడిపోయింది. "ఇది ఎవరిది అత్తా?" అంది. కూలీల కథ చెప్పి, "చూడవచ్చిన వాళ్ళందరిదీ" అన్నాను. "అయితే మనది కూడానా?" అని వాళ్ళమ్మ వైపు చూసింది. "మనది కూడా" అంది మా మరదలు, తడబడకుండా.

ఆ వారం బడిలో ఎవరింటి చెట్టు బొమ్మ వాళ్ళు గీయాలన్నారట. మా పిల్లకు ఒక కాగితం చాలక, రెండు అతికించి గీసిందట. కింద మనుషుల్ని కూడా వేసింది, అందులో చీర మీద కోటు వేసుకున్నది నేనే.

ఇంట్లో లేనిదల్లా లోటు కాదు. బయట అందరితో కలిసి చూడగలిగితే అది లోటు కానే కాదు. పిల్లలకు ఆ సంగతి మాటల్లో చెప్పడం కన్నా, చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి చూపించడం మేలు.