చల్లని పానీయానికి తగిన చక్కెర ఏది?

ఐసు వేసిన నిమ్మరసంలో పంచదార వేసి ఎంత కలిపినా తీపంతా చివరి గుక్కలోనే తగులుతుంది. నీటికి కరిగించుకునే శక్తి లేక ఇలా జరగదు. 20 డిగ్రీల సెల్సియస్ వద్ద 100 గ్రాముల నీటిలో సుమారు 200 గ్రాముల చక్కెర కరుగుతుంది. సున్నా డిగ్రీల వద్ద కూడా దాదాపు 180 గ్రాములు కరుగుతుంది. అయితే చల్లదనంలో అణువుల కదలిక మందగించడం వల్ల కరగడానికి చాలాసేపు పడుతుంది. కాక్‌టెయిల్‌లో ఆల్కహాల్ మరో అడ్డంకి. స్వచ్ఛమైన ఆల్కహాల్‌లో చక్కెర దాదాపు కరగదు. అందుకే రమ్ము, నిమ్మరసంతో చేసే క్యూబా పానీయం డైకిరీలోనైనా, మన షర్బత్‌లోనైనా చక్కెరను ముందే పాకంగా మార్చి కలపడం మేలు.

ఏ చక్కెర ఎంచుకోవాలి?

తెల్ల పంచదార తీపినిస్తుంది తప్ప రంగు, వాసన మార్చదు. పలుకు ఎంత సన్నగా ఉంటే నీటికి తగిలే ఉపరితలం అంత పెరిగి త్వరగా కరుగుతుంది. కేకులకు వాడే ఐసింగ్ షుగర్‌లో సాధారణంగా పిండిపదార్థం కలుపుతారు కనుక పానీయం మసకబారుతుంది. బెల్లం ముదురు రంగును, తనదైన రుచిని ఇస్తుంది. కరిగించాక దాన్ని వడకట్టాలి.

పాకం ఎందుకు పాడవుతుంది?

చక్కెర, నీరు సమాన బరువులో కలిపితే పాకంలో చక్కెర 50 శాతమే. సూక్ష్మజీవులకు అందే నీరు అందులో ఇంకా మిగిలి ఉంటుంది. నీటికి రెండింతల చక్కెర వేస్తే అది 67 శాతానికి చేరుతుంది. అప్పుడు నీటిలో ఎక్కువ భాగాన్ని చక్కెర పట్టి ఉంచుతుంది కనుక బ్యాక్టీరియా పెరగడం కష్టం. అయినా కొన్ని ఈస్టులు, బూజులు తట్టుకోగలవు. కాబట్టి రెండింటినీ ఫ్రిజ్‌లోనే ఉంచాలి, పలుచని పాకాన్ని ముందుగా వాడేయాలి. బుడగలు, పులిసిన వాసన, బూజు కనిపిస్తే మొత్తం పారబోయాలి. చిక్కని పాకం ఫ్రిజ్‌లో పలుకులు కడితే చెడిపోయినట్టు కాదు, కాస్త వేడిచేస్తే కరిగిపోతాయి. తడి చెంచా మాత్రం ముంచకూడదు.

పొడి చక్కెర, బెల్లం నిల్వ

వానాకాలంలో గాలిలోని తేమకు పంచదార గడ్డకడుతుంది, బెల్లం చెమ్మగిల్లుతుంది. బెల్లంలోని గ్లూకోజ్, ఫ్రక్టోజ్ తేమను మరింతగా పీల్చుకుంటాయి. రెండింటినీ గాలి చొరబడని పొడి డబ్బాల్లో, పొయ్యికి దూరంగా ఉంచాలి.