నిస్తంత్రీ పెట్టె - దాని లోపలి అమరికలు

పంచాయతీ కచేరీలోను, గ్రంథాలయములోను, పాఠశాలలోను గోడకు తగిలించియుండు వైఫై పెట్టెను గూర్చి నాలుగు మాటలు చెప్పదలచితిని. పింఛను వివరములు, భూముల నకళ్లు, పిల్లల పరీక్షా ఫలితములు దీని ద్వారా వచ్చుచున్నవి. దానిని బిగించుట పనివాని వంతు. సరిగా అమరినదా యని విచారించుట పెద్దల వంతు.

ఈ పెట్టె ఒక చిన్న రేడియో కేంద్రము. మన రేడియో వినును గాని మాటాడదు. ఇది వినును, మాటాడును. దీని తరంగములు ముఖ్యముగా రెండు తరగతులు. 2.4 గిగాహెర్ట్జుల తరంగము పొడవు సుమారు 12 సెంటీమీటర్లు. 5 గిగాహెర్ట్జులది సుమారు 6. మొదటిది గోడలను కొంత సులభముగా దాటును. రెండవది త్వరగా క్షీణించును గాని దగ్గరివారికి అధిక వేగము నిచ్చును. నిర్ణీత శక్తికి లోబడి వాడుకొన్నచో, మన దేశమున 2.4 తరగతికి 2005 లోను, 5 తరగతిలో విశేషభాగమునకు 2018 లోను లైసెన్సు అక్కరలేకుండ ప్రభుత్వము నియమములు చేసినది.

ఇక అమరికలు. మొదటిది చానలు. 2.4 తరగతిలో మనకు 13 చానళ్లు కలవు. వీనిని పొలములోని చాళ్లుగా భావింపుడు. చాలునకు చాలునకు దూరము 5 మెగాహెర్ట్జులు. నాగలి వెడల్పు మాత్రము 20. కావున ప్రక్క ప్రక్క చాళ్లలో రెండు నాగళ్లు నడచిన ఒకదాని నొకటి రాచుకొనును. 1, 6, 11 చానళ్లు మాత్రము ఒండొంటిని తాకవు. పొరుగు పెట్టె 1 లో నున్నచో మనది 6 లో గాని 11 లో గాని ఉంచవలెను. మూడును నిండినచో, 3 వంటి నడిమి చానలుకంటె వానిలో నొకదానిని పంచుకొనుటయే మేలు. ఒకే చానలులోని పెట్టెలు ఒకదాని మాట ఒకటి విని వంతులవారీగా పలుకును. సగము తాకు చానళ్లలో పొరుగుమాట వట్టి రొద యగును. వెడల్పును 40 చేసిన వేగము హెచ్చునని కొందరందురు. ఈ తరగతిలో అది పొరుగువారి చాళ్లను గూడ దున్నుటయే, 20 చాలును.

రెండవది ప్రసారశక్తి. దీనిని మిక్కిలి పెంచిన లాభము స్వల్పము. పెట్టె కేక చెరువుగట్టువరకు వినబడవచ్చును. అచ్చటి ఫోను సన్నని గొంతు పెట్టెకు వినబడవలదా? దూరమున్నచోట శక్తి పెంచుటకంటె నడుమ రెండవ పెట్టె నుంచుట యుక్తము.

మూడవది భద్రత, నా మనవిలో ముఖ్యమైన దిదియే. మన పెట్టెద్వారా అపరిచితు డొకడు అక్రమము చేసినచో, విచారణ మొదట మన గుమ్మమునకే వచ్చును. వెప్ అను పాత తాళము 2001 నాటికే పగిలినది. 2004 లో వచ్చిన డబ్ల్యుపిఎ2 గాని, 2018 లో వచ్చిన డబ్ల్యుపిఎ3 గాని ఎన్నుకొనవలెను. పేరు దాచిపెట్టుట రక్షణ కాదు. దాచిన పేరును మన ఫోనులే బయట పిలుచుచు తిరుగును.

డబ్ల్యుపిఎస్ అను ఎనిమిదంకెల సులభమార్గమును మూసివేయవలెను. ఎనిమిదంకెలనగా పదికోట్ల సంఖ్య లనిపించును. కాని కడపటి అంకె తక్కిన వానినుండి లెక్కకట్టినది. మొదటి నాలుగంకెలు సరియా కాదా యని పెట్టె వేరుగా తెలుపును. అందుచే 10,000 కు 1,000 కలిపి, 11,000 ప్రయత్నములలో అది తెరచుకొనునని 2011 లో బయటపడినది.

పనివాడు వచ్చిన దినమున ఇవి యడుగుడు: పెట్టె అడుగున అచ్చువేసిన సంకేతపదమును మార్చితివా? చానలు ఏది? తాళము ఏది? సులభమార్గము మూసితివా? కచేరీ కంప్యూటర్లకు ఒక పేరు, వచ్చిపోవువారికి వేరొక పేరు పెట్టి, రెండింటిని విడదీసితివా? మార్చిన సంకేతపదమును కాగితముపై వ్రాయించి, గోడకు అంటింపక, కచేరీ బీరువాలో భద్రపరపుడు.