సివిల్ సర్వీసు పరీక్షలు – వర్తమాన వ్యవహారాల అధ్యయనం

పోటీ పరీక్షలకు సిద్ధమవుతున్న విద్యార్థులను కలవరపెట్టే అంశాలలో వర్తమాన వ్యవహారాలు మొదటిది. చరిత్రకు ఒక గ్రంథం ఉంది, భూగోళానికి ఒక పటం ఉంది. కాని నిన్నటి వార్తకు పాఠ్యగ్రంథం లేదు. అందువల్లనే మన విద్యార్థులు నెలనెలా వచ్చే ప్రశ్నోత్తర సంపుటాలను ఆశ్రయించి, వాటిని కంఠస్థం చేయడమే అధ్యయనమని భావిస్తున్నారు. ఈ పద్ధతి ఎందుకు చాలదో, దీనికి బదులు మనం అనుసరింపదగిన మార్గం ఏదో వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

కొంతకాలం క్రితం ఆళ్ళగడ్డ ప్రాంతం నుండి వచ్చిన ఒక విద్యార్థి నా వద్దకు వచ్చి తనను పరీక్షించమని కోరాడు. ఏ సభ ఏ నగరంలో జరిగిందో, ఏ బహుమతి ఎవరికి వచ్చిందో తడుముకోకుండా చెప్పాడు. ఆ జ్ఞాపకశక్తికి నేను నిజంగా ఆనందించాను. పిమ్మట, "నాయనా, మీ పొలానికి నీరు ఎక్కడిది?" అని అడిగాను. "కె.సి. కాలువది సార్" అన్నాడు. "ఆ కాలువకు ఎంత నీరు కేటాయించారు? ఎవరు కేటాయించారు? ఏ చట్టం ప్రకారం?" అని అడిగేసరికి మౌనం వహించాడు. ఆ మౌనం అతని దోషం కాదు. అటువంటి ప్రశ్న కూడా వర్తమాన వ్యవహారమేనని మేము అతనికి ఎన్నడూ చెప్పలేదు.

ఉర్దూ, తెలుగు రెండూ వినిపించే మన కళాశాలలో ఒక మాటను గుర్తు చేయడం సముచితం. వర్తమాన వ్యవహారాలను ఉర్దూలో "హాలాతె హాజిరా" అంటారు. హాలాత్ అంటే సంఘటనలు కావు, స్థితిగతులు. సంఘటన ఒక దినంలో ముగుస్తుంది. స్థితి దశాబ్దాల తరబడి ఏర్పడుతుంది. పరీక్షకులు మన నుండి కోరేది ఆ స్థితిని గురించిన అవగాహన.

పరీక్షలో దీని స్థానం

యూనియన్ పబ్లిక్ సర్వీస్ కమిషన్ నిర్వహించే ప్రాథమిక పరీక్షలో సామాన్య అధ్యయనాల మొదటి పత్రం 200 మార్కులకు ఉంటుంది. దాని పాఠ్యక్రమంలో మొట్టమొదటి అంశమే జాతీయ, అంతర్జాతీయ ప్రాముఖ్యం గల వర్తమాన సంఘటనలు. తప్పు సమాధానానికి ఆ ప్రశ్న మార్కులలో మూడవ వంతు తీసివేస్తారు గనుక, సగం తెలిసిన విషయం ఏమీ తెలియనిదానికంటె ప్రమాదకరం. 2013 నుండి అమలులో ఉన్న ప్రధాన పరీక్ష పద్ధతిలో వ్యాసానికి 250, సామాన్య అధ్యయనాల నాలుగు పత్రాలకు 1,000, ఐచ్ఛిక విషయానికి 500, వెరసి 1,750 మార్కులు. మౌఖిక పరీక్షకు 275. వర్తమాన వ్యవహారాలకు ప్రత్యేక పత్రం లేదు. అది ఈ పత్రాలన్నిటిలోను కలిసి ఉంటుంది. ఒకే వార్త ఒక పత్రంలో భూగోళంగా, మరొక దానిలో రాజ్యాంగంగా, ఇంకొక దానిలో ఆర్థికశాస్త్రంగా దర్శనమిస్తుంది. దీనికి ఉదాహరణలు వెదకడానికి ఢిల్లీ వెళ్ళనక్కరలేదు. మన నంద్యాలలోనే ఉన్నాయి.

మన కాలువ

కర్నూలు సమీపాన తుంగభద్రపై సుంకేసుల వద్ద కె.సి. కాలువ ఆరంభమవుతుంది. 1860ల దశకంలో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ అనే ఆంగ్లేయ సంస్థ, ప్రభుత్వం వడ్డీకి పూచీ పడగా, సేద్యం కోసమూ పడవల రాకపోకల కోసమూ దీనిని తవ్వించింది. ఆశించిన లాభం రాలేదు. చివరకు 1882లో ప్రభుత్వమే కొనుగోలు చేసింది. ప్రైవేటు పెట్టుబడితో ప్రజోపయోగ నిర్మాణాలు చేపట్టడాన్ని గురించి నేడు జరిగే చర్చకు ఇంతకంటె చక్కని పూర్వోదాహరణ దొరకదు.

ఇక పటం చూడండి. తుంగభద్ర కృష్ణకు ఉపనది. కాని నంద్యాల కుందూ నది ఒడ్డున ఉంది. కుందూ పెన్నలో కలుస్తుంది. అనగా కె.సి. కాలువ కృష్ణా పరీవాహక ప్రాంతపు నీటిని పెన్నా పరీవాహక ప్రాంతానికి తెస్తున్నది. ఈ చిన్న భౌగోళిక సత్యం నుండే నేటి పెద్ద వివాదం బయలుదేరుతుంది.

అంతర్రాష్ట్ర నదీజల వివాదాల పరిష్కారానికి రాజ్యాంగంలోని 262వ అధికరణ, దాని ననుసరించి చేసిన 1956 నాటి చట్టం ఆధారం. ఆ చట్టం కింద 1969లో ఏర్పడిన బచావత్ ట్రిబ్యునల్ 1973లో నిర్ణయం ప్రకటించింది. నూటికి డెబ్బది అయిదు సంవత్సరాలు లభిస్తుందని లెక్కించిన 2,060 టి.ఎం.సి.ల కృష్ణా జలంలో మహారాష్ట్రకు 560, కర్ణాటకకు 700, ఆంధ్రప్రదేశ్‌కు 800 కేటాయించింది. ఒక టి.ఎం.సి. అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. సేద్యం నుండి తిరిగి నదిలో చేరే నీటిని కలుపుకొని ఆంధ్రప్రదేశ్ వాటా 811 అయింది. అందులో కె.సి. కాలువకు లభించినది 39.9 టి.ఎం.సి.లు. ఆళ్ళగడ్డ విద్యార్థి చెప్పలేకపోయిన సమాధానం ఇదే.

1976లో మూడు రాష్ట్రాలు తమ వాటాల నుండి ఐదేసి టి.ఎం.సి.లు మద్రాసు నగరపు దాహం తీర్చడానికి ఇవ్వడానికి అంగీకరించాయి. 1983లో ఆంధ్రప్రదేశ్, తమిళనాడు మధ్య ఒప్పందం కుదిరింది. శ్రీశైలం జలాశయం నుండి పోతిరెడ్డిపాడు, బనకచర్ల, వెలుగోడు మీదుగా సాగే ఈ తెలుగుగంగ నీరు 1996లో తమిళనాడులోని పూండి చేరింది. రాష్ట్రాలు తగవులాడుకొనడమే కాక, ఇచ్చిపుచ్చుకొనడం కూడా చేయగలవని మన జిల్లా మీదుగా పారే ఈ కాలువ నిరూపిస్తున్నది.

2014 జూన్ 2న రాష్ట్రం విడిపోయింది. 811 టి.ఎం.సి.ల వాటాను 2015లో తాత్కాలికంగా ఆంధ్రప్రదేశ్‌కు 512, తెలంగాణకు 299గా పంచుకున్నారు. 2023 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ఈ పంపిణీ అంశాన్ని 2004లో ఏర్పడిన బ్రిజేష్ కుమార్ ట్రిబ్యునల్‌కు అప్పగించింది. 2025లో గోదావరి జలాలను బనకచర్లకు తరలించే ప్రతిపాదన పై రెండు రాష్ట్రాల మధ్య మళ్ళీ వివాదం చెలరేగింది. కృష్ణా పరీవాహక ప్రాంతపు అవసరాలు ముందు తీరాలని తెలంగాణ వాదన. చిరకాలంగా అనుభవిస్తున్న కేటాయింపులకు భంగం కలుగరాదని ఆంధ్రప్రదేశ్ వాదన.

ఇక్కడ విద్యార్థికి నిజమైన పరీక్ష ఎదురవుతుంది. మనం కాలువ కింద బ్రతికే వాళ్ళం. మన మనస్సు ఏ వైపు మొగ్గుతుందో చెప్పనక్కరలేదు. అయినను పాలమూరు రైతు వాదనను అతడే వ్రాసినంత బలంగా మొదట వ్రాసి, ఆ పిమ్మట మన వాదన వ్రాసి, రెండింటినీ చట్టం అనే త్రాసులో తూచగలగాలి. రేపు అధికారి అయిన వాడు తన ఊరికి ఎదుటి ఊరితో తగవు వచ్చినపుడు చేయవలసింది కూడా ఇదే. పరదేశపు వివాదం పై నిష్పక్షపాతంగా ఉండడం సులభం. మన పొలం గట్టు వద్ద నిష్పక్షపాతంగా ఉండడమే కష్టం.

ఈ స్థాయి నుండి అంతర్జాతీయ అంశానికి ఒక్క అడుగే దూరం. 1960 సెప్టెంబరు 19న భారత, పాకిస్తాన్‌లు ప్రపంచ బ్యాంకు మధ్యవర్తిత్వంతో సింధు జలాల ఒప్పందం చేసుకున్నాయి. 2025 ఏప్రిల్‌లో పహల్గామ్ దాడి అనంతరం దాని అమలును నిలిపి ఉంచుతున్నట్లు భారత ప్రభుత్వం ప్రకటించింది. రాష్ట్రాల మధ్య వివాదానికి పార్లమెంటు చేసిన చట్టం, ట్రిబ్యునల్ ఉన్నాయి. రెండు సార్వభౌమ దేశాల నడుమ ఒప్పందమే ఆధారం. ఈ తారతమ్యం గ్రహించిన విద్యార్థికి రెండు వార్తలూ ఒకేసారి బోధపడతాయి.

మన లోక్‌సభ స్థానం

రెండవ ఉదాహరణ మన ఓటుకు సంబంధించినది. 1977 ఎన్నికలలో ఆంధ్రప్రదేశ్‌లోని 42 లోక్‌సభ స్థానాలలో 41 కాంగ్రెస్‌కు దక్కగా, నంద్యాల ఒక్కటి మాత్రం జనతా పార్టీ అభ్యర్థి నీలం సంజీవరెడ్డిని గెలిపించింది. ఆయన 1977 మార్చి 26న లోక్‌సభాపతి అయ్యారు. నాలుగు నెలలకు, జూలై 25న, రాష్ట్రపతిగా ప్రమాణ స్వీకారం చేశారు. 1969లో ఇదే పదవికి పోటీ చేసి వి.వి. గిరి చేతిలో ఓడిన వ్యక్తి, ఈసారి పోటీ లేకుండా ఎన్నికైన ఏకైక రాష్ట్రపతి. 1979లో ప్రధాని చరణ్‌సింగ్ లోక్‌సభను ఎదుర్కొనకుండానే రాజీనామా చేసినపుడు సభను రద్దు చేసింది ఆయనే. రాష్ట్రపతి విచక్షణ అనే అంశం నేడు ప్రశ్నగా వచ్చినా ఆ ఘట్టం జవాబులో ఉండక తప్పదు.

1991 నాటి కథ ఇంకను విస్తృతమైనది. 1990 ఆగస్టు 2న ఇరాక్ కువైట్‌ను ఆక్రమించింది. మన పొరుగున ఉన్న కడప జిల్లాలో కువైట్‌కు వెళ్ళిన బిడ్డల కోసం ఎన్నో ఇండ్లు ఎదురుచూశాయి. సుమారు లక్షా డెబ్బది వేల మంది భారతీయులను విమానాలలో స్వదేశానికి చేర్చారు. చమురు ధర పెరిగింది, ప్రవాసులు పంపే ధనం తగ్గింది, విదేశ మారక ద్రవ్యం కొద్ది వారాల దిగుమతులకు కూడా చాలని స్థితి వచ్చింది. 1991 జూలైలో సుమారు 47 టన్నుల బంగారాన్ని విదేశాలలో కుదువబెట్టవలసి వచ్చింది. అదే నెల 24న ఆర్థిక మంత్రి మన్మోహన్‌సింగ్ చరిత్రాత్మకమైన బడ్జెట్ సమర్పించారు.

ఆ ప్రభుత్వానికి నాయకుడైన పి.వి. నరసింహారావు జూన్ 21న ప్రధాని పదవి చేపట్టేనాటికి ఏ సభలోను సభ్యుడు కారు. రాజ్యాంగం 75వ అధికరణ ప్రకారం సభ్యుడు కాని మంత్రి ఆరు నెలలలోగా సభ్యత్వం పొందాలి. నవంబరులో జరిగిన ఉప ఎన్నికలో నంద్యాల ఆయనను సుమారు 5 లక్షల 80 వేల ఓట్ల ఆధిక్యంతో పంపింది. ఆ ఆధిక్యం ఎంత అని అడిగితే అది జ్ఞాపకశక్తికి పరీక్ష. ఆ ఉప ఎన్నిక ఎందుకు అవసరమైంది, ఆనాటి ప్రభుత్వం ఎదుర్కొన్న సంకటం ఏమిటి అని అడిగితే అది అవగాహనకు పరీక్ష. కువైట్‌లో మొదలైన సంకటం ఢిల్లీకి, ఢిల్లీలోని ప్రధాని పదవి నంద్యాల ఓటుపెట్టె వద్దకు ఎట్లు చేరాయో చెప్పగలవాడే వర్తమాన వ్యవహారాలు చదివినవాడు.

ఏ విధంగా చదవాలి

ప్రతి ముఖ్య వార్తకు ఒక పుట కేటాయించి ఐదు ప్రశ్నలు వేసుకోండి. ఏమి జరిగింది? పటంలో ఎక్కడ? దీనికి పూర్వచరిత్ర ఏది? ఏ అధికరణ, ఏ చట్టం లేదా ఏ ఒప్పందం దీనిని శాసిస్తుంది? దీనివల్ల లాభపడేది ఎవరు, నష్టపడేది ఎవరు? ఉదాహరణకు 2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా ఏర్పడింది. జిల్లాను ఏర్పరచేది రాష్ట్ర ప్రభుత్వం. కొత్త రాష్ట్రాన్ని ఏర్పరచేది 3వ అధికరణ ప్రకారం పార్లమెంటు. ఈ ఒక్క వాక్యం నోటు పుస్తకంలో చేరితే వార్త పాఠమవుతుంది. రోజుకు రెండు వార్తలు ఈ రీతిగా చదివితే చాలు. ఇరవై వార్తలను పైపైన చూడడం కంటె అది మేలు.

భాషను గురించి

మన విద్యార్థులలో చాలమందికి ఒక న్యూనతా భావం ఉంది. ఆంగ్లం రానిదే ఈ పరీక్ష మనది కాదని వారి భయం. కొఠారీ సంఘం సిఫారసుల మేరకు 1979 నుండి అభ్యర్థులు ఎనిమిదవ షెడ్యూలులోని భాషలలో సమాధానాలు వ్రాయవచ్చు. తెలుగు, ఉర్దూ రెండూ ఆ షెడ్యూలులో ఉన్నాయి. రెండింటి సాహిత్యాలనూ ఐచ్ఛిక విషయంగా తీసుకోవచ్చు. శ్రీకాకుళం జిల్లాకు చెందిన గోపాలకృష్ణ రోణంకి తెలుగులో వ్రాసి 2016 పరీక్షలో దేశంలో మూడవ స్థానం పొందారు. కాని సత్యాన్ని దాచరాదు. ప్రాథమిక పరీక్ష ప్రశ్నపత్రం ఆంగ్లం, హిందీలలోనే ఉంటుంది. ప్రధాన పరీక్షలో ఆంగ్లంలో అర్హత పత్రం ఉంది. కావున ఆలోచన మాతృభాషలో సాగనివ్వండి, సాంకేతిక పదాలను మాత్రం ఆంగ్లంలో కూడా నేర్చుకోండి. తెలుగు పత్రికను, ఉర్దూ పత్రికను ప్రక్కప్రక్కన పెట్టి ఒకే వార్తను చదవగల సౌకర్యం అందరికీ లభించదు. ఒకరు విడిచినది మరొకరు చెప్తారు. మీరు లోపంగా భావించేది నిజానికి మీ మూలధనం.

చివరగా కళాశాల కమిటీ పెద్దలకు ఒక విన్నపం. గ్రంథాలయంలో తెలుగు, ఉర్దూ, ఆంగ్ల దినపత్రికలు ఒక్కొక్కటి ఒకే బల్ల పై ఉండేటట్లు, గోడపై భారతదేశ, ప్రపంచ పటాలు తగిలించేటట్లు, వారానికి ఒక గంట ఒకే వార్తను చర్చించుకొనేటట్లు ఏర్పాటు చేయవలసిందిగా మనవి. ఖర్చు స్వల్పం, ఫలం దీర్ఘకాలికం.

ఆళ్ళగడ్డ విద్యార్థి ఆ తరువాతి వారం మళ్ళీ వచ్చాడు. అతని చేతిలో ప్రశ్నోత్తర సంపుటం లేదు. కె.సి. కాలువ సుంకేసుల నుండి కడప వరకు సాగే దారిని పెన్సిలుతో గీసిన పటం ఉంది. "సార్, మా నీరు కృష్ణది. కాని మా ఊరు పెన్నది" అన్నాడు. అతని చదువు ఆనాడు మొదలైందని నా విశ్వాసం.