నీళ్లక్కర్లేని పడవ

హైదరాబాద్–విజయవాడ రహదారి మీద నార్కట్‌పల్లి దాటితే కట్టంగూర్ వస్తుంది. మా వైపు వానలు బాగా పడ్డ ఏడు చెరువులు నిండుతాయి, ఎండాకాలానికి అడుగంటుతాయి. పడవ పందేనికి 2,000 మీటర్లు తిన్నగా సాగే నీటిబాట కావాలి. దాన్ని ఎక్కడినుంచి తెస్తాం? అయినా ఆ పందేన్ని ఒక గదిలో పెట్టే యంత్రం ఉంది. దాని పేరు రోయింగ్ ఎర్గోమీటర్. ఆటగాళ్లు ‘ఎర్గ్’ అంటారు.

నేల మీద తెడ్డు వేయించడం పాత ఆలోచనే. క్రీస్తుపూర్వం 4వ శతాబ్దంలో ఏథెన్స్ సేనాని ఖాబ్రియాస్ కొత్త నావికులకు ఒడ్డునే, చెక్క చట్రాల మీద తెడ్డు వేయడం నేర్పించాడు. 19వ శతాబ్దం నాటికి వ్యాయామశాలల్లోకి యంత్రాలు వచ్చాయి. వాటితో చెమట పట్టేది కానీ లెక్క కుదిరేది కాదు. రాపిడితో బరువు కల్పించే యంత్రం వేడెక్కే కొద్దీ పట్టు మారుతుంది. ఒక యంత్రం మీద వచ్చిన అంకెను మరో యంత్రం అంకెతో పోల్చలేం.

ఈ చిక్కు విప్పినవాళ్లు అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రంలో స్థిరపడ్డ అన్నదమ్ములు డిక్, పీట్ డ్రైసిగాకర్. డిక్ 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో తెడ్డు పట్టినవాడు. ఇద్దరూ 1976లో కాన్సెప్ట్2 సంస్థ పెట్టి కార్బన్ ఫైబర్ తెడ్లు తయారుచేశారు. అక్కడ చలికాలంలో నీళ్లు గడ్డకడతాయి, సాధన ఆగిపోతుంది. అందుకని సైకిల్ చక్రానికి రెక్కలు బిగించి, గొలుసు లాగితే అది తిరిగేలా యంత్రం కట్టి, 1981లో మార్కెట్లోకి తెచ్చారు.

ఇందులో బరువు కల్పించేది గాలి. వడ్లు తూర్పారబట్టే పంకాను చేత్తో తిప్పినవాళ్లకు ఇది తెలిసిన సంగతే: మెల్లగా తిప్పితే తేలిక, జోరు పెంచితే గాలి ఎదురొస్తుంది. వేగం రెట్టింపైతే కావలసిన శక్తి ఎనిమిది రెట్లవుతుంది. 2,000 మీటర్లు 8 నిమిషాల్లో లాగడానికి సగటున సుమారు 202 వాట్లు కావాలి. 7 నిమిషాల్లో లాగాలంటే 302 వాట్లు. ఒక్క నిమిషం తగ్గించడానికి ఒకటిన్నర రెట్ల సత్తువ!

దగ్గరగా కూర్చుని చూడండి. మోకాళ్లు మడిచి, చేతులు చాచి, పిడి పట్టుకుంటారు. మొదట కాళ్లు తన్నాలి, తర్వాత నడుము వెనక్కి వాలాలి, చివర్లో చేతులు పిడిని పక్కటెముకల దాకా లాగాలి. సగానికి పైగా పని కాళ్లదే. పిడిని ముందుకు పోనిస్తూ జారేటప్పుడు ఫ్రీవీల్ పుణ్యమా అని చక్రం తన పాటికి తిరుగుతూ కొద్దికొద్దిగా నెమ్మదిస్తుంది. అసలు తెలివి ఇక్కడే ఉంది. ఎంత త్వరగా నెమ్మదించిందో చూసి, ఆ క్షణాన గాలి ఎంత అడ్డుపడుతోందో యంత్రానికున్న మానిటర్ లెక్కగడుతుంది. చక్రం చుట్టూ ఉన్న జాలీలో దుమ్ము చేరినా, ఊరు ఎత్తు మీదున్నా, గాలిని సర్దే పక్క మీటను 1 నుంచి 10 దాకా ఎక్కడ పెట్టినా ఆ తేడా లెక్కలోకి వస్తుంది. కట్టంగూర్‌లో లాగిన 500 మీటర్లూ బోస్టన్‌లో లాగిన 500 మీటర్లూ ఒకే కొలత.

ఆ నమ్మకం మీదే పందేలు పుట్టాయి. 1980ల మొదట్లో హార్వర్డ్ దగ్గర కొందరు పాత ఆటగాళ్లు శీతాకాలపు కాలక్షేపంగా మొదలుపెట్టిన పోటీ క్రాష్-బి పేరుతో ప్రపంచ స్థాయికి ఎదిగింది. కరోనా వల్ల 2021లో ప్రపంచ ఇండోర్ పోటీలు ఎవరి చోట వారు యంత్రం మీద కూర్చునే జరిగాయి.

పడవలో బరువైన మనిషి కూర్చుంటే పడవ లోతుగా దిగి, నీటి అడ్డు పెరుగుతుంది. ఎర్గ్ మీద ఆ నష్టం లేదు కాబట్టి భారీకాయులకు మొగ్గు. తేలికవాళ్లకూ న్యాయం జరగాలని లైట్‌వెయిట్ విభాగం పెట్టారు. ఇండోర్ పోటీల్లో పురుషులకు 75 కిలోలు, మహిళలకు 61.5 కిలోలు హద్దు. ఉద్దేశం మంచిదే. కానీ 77 కిలోల మనిషి 75లోకి దూరాలనుకున్నప్పుడు ప్రమాదం మొదలవుతుంది.

రెండు రోజుల్లో తగ్గే బరువులో కొవ్వు పెద్దగా ఉండదు, పోయేది ఎక్కువగా నీరే. అన్నం మానేస్తే కండరాల్లో దాచుకున్న గ్లైకోజెన్ అనే ఇంధనం తరుగుతుంది. దాని ప్రతి గ్రాముతో పాటు సుమారు 3 గ్రాముల నీరూ పోతుంది. నీరు తగ్గితే రక్తం పరిమాణం తగ్గుతుంది, గుండె వేగం పెంచుకోవాల్సి వస్తుంది, ఒళ్లు చల్లబడటం కష్టమవుతుంది. శరీర బరువులో 2 శాతం నీరు పోయినా ఓర్పు దెబ్బతింటుంది. పైగా నీటి మీది లైట్‌వెయిట్ పందేల్లో తూకం పోటీకి గంట, రెండు గంటల ముందే. తిని, తాగి కోలుకునే వ్యవధి చాలదు.

2018 ఆసియా క్రీడల్లో లైట్‌వెయిట్ సింగిల్ స్కల్స్‌లో, అంటే ఒక్కరే నడిపే పడవ పందెంలో, కాంస్యం గెలిచిన మన దుష్యంత్ చౌహాన్‌ను పందెం ముగిశాక స్ట్రెచర్ మీద తీసుకెళ్లారు. 1997లో అమెరికాలో ముగ్గురు కాలేజీ మల్లయోధులు బరువు దించుకునే ప్రయత్నంలోనే చనిపోయారు. 2024 పారిస్ క్రీడల తర్వాత ఒలింపిక్స్ నుంచి లైట్‌వెయిట్ రోయింగ్‌ను తీసేశారు.

సత్తువ పెంచుకునే దారి వేరు. పందెం ఆరు నుంచి ఎనిమిది నిమిషాలదే అయినా అందులో ఖర్చయ్యే శక్తిలో ఎక్కువ భాగం ఊపిరి మీదే వస్తుంది. అందుకే సాధనలో సింహభాగం నిమిషానికి 18–20 లాగుళ్లతో, పక్కవాళ్లతో మాట్లాడగలిగేంత నింపాదిగా సాగాలి. వారానికి ఒకటి రెండు సార్లే 500 మీటర్ల చొప్పున గట్టిగా లాగి, విరామం తీసుకుని, మళ్లీ లాగాలి. బరువు తగ్గాల్సిన పెద్దలు నెలల ముందే మొదలుపెట్టి, వారానికి అరకిలోకు మించకుండా, నీళ్లు మానకుండా తగ్గాలి. ఎదిగే పిల్లలకు తూకం ఊసే వద్దు.

నీళ్లు లేని ఊళ్ల నుంచి తెడ్డు పట్టినవాళ్లు మన దేశంలో ఉన్నారు. నాసిక్ జిల్లా కరువు పల్లెలో బావులు తవ్విన దత్తు భోకనళ్ సైన్యంలో చేరాక తెడ్డు పట్టి, 2016 రియో ఒలింపిక్స్‌లో 13వ స్థానంలో నిలిచాడు. మన తెలుగువాడు, ఆంధ్రప్రదేశ్‌కు చెందిన సైనికుడు కొంగనపల్లె నారాయణ మందుపాతర పేలి కాలు పోగొట్టుకున్నారు. ఆ తర్వాత రోయింగ్‌కు వచ్చి, తోటి క్రీడాకారిణి అనితతో జతగా హాంగ్‌జౌ ఆసియా పారా క్రీడల్లో రజతం తెచ్చారు. పారిస్ పారాలింపిక్స్‌కూ వెళ్లారు.

కబడ్డీ కూతలో ఊపిరి బిగబట్టే పిల్లలకు నల్లగొండ పల్లెల్లో కొదవ లేదు. మండలానికో యంత్రం హైస్కూల్లో పెట్టి, ప్రతి పిల్లా పిల్లాడి 500 మీటర్ల సమయం రాసుకుంటే చాలు, ఎవరిలో ఎంత సత్తా ఉందో దాగదు. ఆ అంకెలు చూసి హుసేన్‌సాగర్ నీళ్ల మీదకు పిలవాల్సిన బాధ్యత పెద్దలది.