వేల కంప్యూటర్లకు ఒక్క నీరడి

పిల్లలూ! 2024 జులై 19, శుక్రవారం నాడు మన రంగారెడ్డి జిల్లాలోనే, శంషాబాద్ విమానాశ్రయంలో ఒక వింత జరిగింది. విమానాలు సిద్ధంగా ఉన్నాయి. పైలట్లు వచ్చారు. ప్రయాణికులు టిక్కెట్లు పట్టుకుని వరుసల్లో నిలబడ్డారు. కానీ విమాన సంస్థల చెక్-ఇన్ కంప్యూటర్ వ్యవస్థలు మొరాయించాయి. చేసేదిలేక సిబ్బంది పెన్నులు తీసి, బోర్డింగ్ పాసులను చేత్తో రాసి ఇవ్వడం మొదలుపెట్టారు. హైదరాబాద్ నుంచి కోల్‌కతా వెళ్లే ఒక ప్రయాణికుడికి అలా రాసిచ్చిన కాగితం ఫోటో ప్రపంచమంతా తిరిగింది. చాలా విమానాలు ఆలస్యమయ్యాయి, కొన్ని రద్దే అయ్యాయి.

అదే రోజు ప్రపంచం మొత్తం మీద సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలిరంగు తెర చూపించి ఆగిపోయాయి. ఆసుపత్రుల్లో, బ్యాంకుల్లో, టీవీ కేంద్రాల్లో పనులు నిలిచిపోయాయి. ఇదేదో దొంగల పని, లేదా కొత్త వైరస్ అని మీరనుకుంటారు. కానే కాదు. వైరస్‌ల నుంచి కంప్యూటర్లను కాపాడే కావలి సాఫ్ట్‌వేరే వాటిని పడగొట్టింది! దాన్ని తయారుచేసినది క్రౌడ్‌స్ట్రయిక్ అనే అమెరికా కంపెనీ. కావలివాడే ఇల్లు కూల్చడం ఎలా జరిగింది? ఒకే క్షణంలో అన్ని దేశాల్లో ఎలా జరిగింది? ఇది అర్థం కావాలంటే ముందు పెద్ద కంపెనీలు తమ కంప్యూటర్లను ఎలా చూసుకుంటాయో తెలుసుకోవాలి.

మన ఇబ్రహీంపట్నం మండలంలోని ఆదిభట్లలో టీసీఎస్ వారి పెద్ద ప్రాంగణాన్ని మీలో చాలామంది చూసే ఉంటారు. ప్రపంచమంతా కలిపి ఆ ఒక్క కంపెనీలో 2024 మార్చి నాటికి ఆరు లక్షల మందికి పైగా ఉద్యోగులున్నారు. అంత పెద్ద లెక్క మనకెందుకు గానీ, పదివేల కంప్యూటర్లున్న ఒక కంపెనీని ఊహించుకుందాం. ప్రతి కంప్యూటరులోనూ ఒక చిన్న మరమ్మతు చేయాలి. ఒక మనిషి ఒక్కో బల్ల దగ్గరకు వెళ్లి, పావుగంటలో ఆ పని ముగిస్తాడనుకోండి. పదివేల పావుగంటలంటే 2,500 గంటలు. రోజుకు ఎనిమిది గంటల చొప్పున 312 రోజులకు పైనే. ఆదివారాలు తీసేస్తే సరిగ్గా ఒక సంవత్సరం! అతను చివరి బల్ల దగ్గరకు చేరేసరికి మొదటి కంప్యూటరుకు ఇంకో పన్నెండు మరమ్మతులు బాకీ పడి ఉంటాయి. ఎందుకంటే విండోస్‌ను తయారుచేసే మైక్రోసాఫ్ట్ కంపెనీ 2003 అక్టోబరు నుంచి ప్రతి నెలా రెండో మంగళవారం కొత్త మరమ్మతులు విడుదల చేస్తోంది.

ఈ మరమ్మతునే ‘ప్యాచ్’ అంటారు. ప్యాచ్ అంటే మాసిక. చొక్కాకు చిరుగు పడితే అమ్మ మాసిక వేస్తుంది కదా, అదే. కోట్ల వరుసల ప్రోగ్రాములో ఎక్కడో ఒక చిరుగు బయటపడుతుంది. దాంట్లోంచి దొంగ దూరకముందే మాసిక వేయాలి.

అందుకే బల్ల బల్లకూ తిరగకుండా, ఒక్కచోట కూర్చుని అన్ని కంప్యూటర్లకూ మాసికలు వేసే సాఫ్ట్‌వేర్ పుట్టింది. మైక్రోసాఫ్ట్ 1994లో సిస్టమ్స్ మేనేజ్‌మెంట్ సర్వర్ అనే దాన్ని తెచ్చింది. 2011లో ఇంటర్నెట్ ద్వారానే పనిచేసే ఇంట్యూన్ వచ్చింది. ఈ పనికి బాధ్యుడైన ఉద్యోగిని ‘సిస్టమ్ అడ్మిన్’ అంటారు.

ఇందులో ఒక తమాషా ఉంది. అడ్మిన్ ఆజ్ఞ ఇవ్వగానే అది బాణంలా వెళ్లి కంప్యూటరుకు తగులుతుందని మనం అనుకుంటాం. మామూలుగా జరిగేది తలకిందులు. మీరు బడికి రాగానే నోటీసు బోర్డు చూసుకుంటారు కదా! అలాగే ప్రతి కంప్యూటరులో ఒక చిన్న ప్రోగ్రాము కూర్చుని, కొన్ని గంటలకోసారి సర్వర్ దగ్గరకు వెళ్లి “నాకేమైనా పని ఉందా?” అని అడుగుతుంది. ఇంట్యూన్‌లో ఇది సుమారు ఎనిమిది గంటలకోసారి. తొందర పని ఉంటే సర్వర్ ఒక చిన్న గంట కొట్టి పిలుస్తుంది. అప్పుడు కూడా అడగడానికి వచ్చేది కంప్యూటరే. వచ్చిన ఆజ్ఞను అది గుడ్డిగా నమ్మదు. మాసిక మీద తయారీదారు డిజిటల్ సంతకం ఉందా, దారిలో ఒక్క అక్షరమైనా మారిందా అని సరిచూసుకుని గానీ వేసుకోదు.

ఇంకో చక్కని ఏర్పాటు చెప్పనా? పదివేల కంప్యూటర్లూ ఒకే ఫైలును విడివిడిగా తెచ్చుకుంటే ఇంటర్నెట్ దారి కిక్కిరిసిపోతుంది. అందుకని ఒకటి కొన్ని ముక్కలు తెస్తే పక్కది దాని దగ్గర తీసుకుంటుంది. బడికి రాని రోజు నోట్సు మీరు పక్కవాడి పుస్తకంలో చూసి రాసుకుంటారే, అట్లాగన్నమాట. (పరీక్షలో మాత్రం వద్దు!)

ఇంతవరకు బాగానే ఉంది. అసలు చిక్కు ఇప్పుడొస్తుంది. మాసిక రాగానే వెంటనే వేయాలా, కొన్నాళ్లు ఆగి చూడాలా?

ఆగితే ఏమవుతుందో 2017లో తెలిసింది. ఆ ఏడాది మార్చి 14న మైక్రోసాఫ్ట్ ఒక మాసిక విడుదల చేసింది. చాలామంది వేసుకోలేదు. మే 12న వాన్నక్రై అనే దుష్ట ప్రోగ్రాము సరిగ్గా ఆ చిరుగులోంచే దూరింది. ఫైళ్లన్నిటికీ తాళం వేసి, డబ్బు కడితేనే తీస్తానంది. బ్రిటన్ ఆసుపత్రుల్లో వైద్యం నిలిచిపోయింది. మన పక్కనున్న ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని దాని బారిన పడ్డాయి. దాదాపు రెండు నెలల ముందే చేతికొచ్చిన మందును వాడకపోవడం వల్ల వచ్చిన జబ్బు అది.

“అయితే వెంటనే వేసేయాలి” అంటారా? 2024 జులై 19 దానికి జవాబు. ఆ రోజు మన గడియారం ప్రకారం ఉదయం 9 గంటల 39 నిమిషాలకు క్రౌడ్‌స్ట్రయిక్ తన కావలి సాఫ్ట్‌వేరుకు ఒక చిన్న సమాచార ఫైలు పంపింది. కొత్తరకం దాడులను గుర్తుపట్టే ఆనవాళ్లు అందులో ఉంటాయి. ఆ ఆనవాళ్ల పట్టికకు 21 గళ్లు. దాన్ని చదివే ప్రోగ్రాముకు అందే విలువలు మాత్రం 20. హాజరు పట్టీలో 20 పేర్లే ఉండగా మాస్టారు 21వ పేరు పిలవబోతే ఏముంటుంది? పేజీ దాటి ఏదో గీత కనిపిస్తుంది. కంప్యూటరు కూడా అలాగే తనది కాని చోట చదవబోయింది.

మామూలు ప్రోగ్రాము ఇలాంటి పొరపాటు చేస్తే విండోస్ ఆ ఒక్కదాన్నీ మూసేసి ఊరుకుంటుంది. కానీ ఈ కావలి సాఫ్ట్‌వేర్‌లో కొంత భాగం ‘కెర్నెల్’లో పనిచేస్తుంది. కెర్నెల్ అంటే గింజ. కంప్యూటరులోని ప్రతి మూలకూ వెళ్లే అధికారం దానికే ఉంటుంది. అక్కడ తప్పు జరిగితే ఇంకేమేం చెడిపోతాయోనని విండోస్ తనను తానే ఆపేసుకుంటుంది. నీలి తెర అంటే అదే. తిరిగి స్విచ్ వేస్తే? కావలివాడు మొదటే లేస్తాడు, అదే ఫైలు చదువుతాడు, మళ్లీ నీలి తెర!

10 గంటల 57 నిమిషాలకే కంపెనీ తప్పును సరిదిద్దింది. అంటే 78 నిమిషాలు. కానీ అప్పటికే పడిపోయిన కంప్యూటర్లకు ఆ సవరణ ఎలా చేరుతుంది? పని అడగడానికి సర్వర్ దగ్గరకు రావాల్సిన కంప్యూటరు అసలు లేవడమే లేదు కదా! కాబట్టి చాలాచోట్ల మనుషులే ఒక్కొక్క బల్ల దగ్గరకు వెళ్లారు. సేఫ్ మోడ్‌లో తెరిచి, పేరులో 291 అనే అంకె ఉన్న ఆ ఫైలును తీసేశారు. డిస్కుకు తాళం వేసి ఉంటే 48 అంకెల సంఖ్యను తప్పులేకుండా కొట్టాల్సి వచ్చింది. మనం ముందు వేసిన 312 రోజుల లెక్క గుర్తుందా? ఆ రోజు కంపెనీల ముందు ఆ లెక్కే నిజమై నిలబడింది.

నాకు ఇక్కడ మన పెద్ద చెరువు గుర్తుకొస్తుంది. కుతుబ్‌షాహీల కాలం నాటి చెరువు అది. చెరువు తూము దగ్గర నీరడి ఉండేవాడు. వరి నాట్లకు నీళ్లు కావాలని రైతులు ఎంత తొందరపెట్టినా, అతను తూమును ఒక్కసారిగా పూర్తిగా ఎత్తడు. ముందు కొంచెం వదులుతాడు. కాలువ గట్టుకు ఎక్కడైనా గండి పడుతుందేమో చూస్తాడు. బాగుంటే ఇంకొంచెం. అట్లాగని నీళ్లే వదలకపోతే మడి ఎండుతుంది.

కంప్యూటర్లకూ ఇదే పద్ధతి ఉంది. వీటిని ‘రింగులు’ అంటారు. 2022లో మైక్రోసాఫ్ట్ తెచ్చిన ఆటోప్యాచ్‌లో ముందుగా అడ్మిన్ తానే ఎంచుకున్న కొన్ని కంప్యూటర్ల మీద పరీక్ష జరుగుతుంది. తర్వాత నూటికి ఒకటి, ఆ తర్వాత నూటికి తొమ్మిది, చివరికి మిగిలిన తొంభై. మన పదివేల కంప్యూటర్ల కంపెనీలో అయితే వంద, తొమ్మిది వందలు, తొమ్మిది వేలు. మొదటి వందలో నీలి తెర కనిపిస్తే మిగతా 9,900 కంప్యూటర్లకు మాసిక చేరకుండా ఆపవచ్చు. వంద కంప్యూటర్లు బాగుచేయడానికి ఒక మనిషికి 25 గంటలు చాలు.

మరి 2022లోనే ఇది ఉంటే 2024లో ఆ ప్రమాదం ఎందుకు ఆగలేదు? ఎందుకంటే క్రౌడ్‌స్ట్రయిక్ ఫైలు ఈ దారిన రాలేదు. ఆ సాఫ్ట్‌వేరుకు దాని సొంత కాలువ ఉంది. కొత్త వెర్షన్లను కాస్త ఆలస్యంగా వేసుకునే వీలు కంపెనీలకు ముందే ఉండేది. కానీ రోజూ వచ్చే చిన్న సమాచార ఫైళ్లకు ఆ వీలు లేదు. దొంగలను త్వరగా పట్టుకోవాలి గనుక అవి అందరికీ ఒకేసారి వెళ్లేవి. ప్రమాదం తర్వాత వాటిని కూడా అంచెలంచెలుగా పంపే ఏర్పాటు చేశారు. ఎప్పుడు తీసుకోవాలో ఎంచుకునే వీలు కొనుగోలుదారులకూ ఇచ్చారు. నా మటుకు నాకు, ఇది మొదటినుంచీ ఉండాల్సిన ఏర్పాటే అనిపిస్తుంది. ఫైలు చిన్నదైతే మాత్రం, అది చేరేది కెర్నెల్‌కు కదా!

ఆ తర్వాత వచ్చిన కొత్త సదుపాయాల్లో రెండు ముఖ్యమైనవి. మొదటిది ‘హాట్‌ప్యాచ్’. 2025 ఏప్రిల్ నుంచి కంపెనీలు వాడే విండోస్ 11కు అందుతోంది. మాసిక వేసిన తర్వాత కంప్యూటరును ఆపి మళ్లీ మొదలుపెట్టాలని మీకు తెలుసు. నడుస్తున్న ప్రోగ్రామును మార్చడం కష్టం గనుక అలా చేస్తారు. పని మధ్యలో ఉన్నవారు “రేపు చూద్దాం” అని వాయిదా వేస్తారు. వాన్నక్రై వంటివాటికి కావలసింది ఆ ‘రేపే’. హాట్‌ప్యాచ్ మెమరీలో నడుస్తున్న పాత భాగం మొదట్లోనే ఒక మళ్లింపు పెడుతుంది. కల్వర్టు పాడైతే రోడ్డు మూయకుండా “ఇటు వెళ్లండి” అని బోర్డు పెట్టి పక్కన కొత్త దారి వేస్తారు చూడండి, అలా. జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబరు నెలల్లో మాత్రం మామూలు పద్ధతిలో ఆపి మొదలుపెట్టాలి. పన్నెండుసార్ల పని నాలుగుసార్లకు తగ్గిందన్నమాట.

రెండోది నేరుగా 2024 ప్రమాదం నుంచే పుట్టింది. దాని పేరు ‘క్విక్ మెషీన్ రికవరీ’. 2024 నవంబరులో ప్రకటించారు, 2025లో విండోస్ 11కు వచ్చింది. ప్రతి విండోస్ కంప్యూటరులోనూ అసలు వ్యవస్థకు పక్కన చిన్న మరమ్మతు వ్యవస్థ ఒకటి ఉంటుంది. పెద్దది పదేపదే లేవలేకపోతే ఈ చిన్నది మేల్కొని, తానే ఇంటర్నెట్‌కు కలిసి, మైక్రోసాఫ్ట్ దగ్గర ఈ జబ్బుకు మందు ఉందేమో అడుగుతుంది. ఉంటే తెచ్చి వేసుకుంటుంది. బల్ల దగ్గరకు మనిషి రానక్కరలేదు.

ఇళ్లలో వాడే విండోస్ 11 హోమ్‌లో ఈ సదుపాయం ముందే పనిచేస్తూ వస్తుంది. కంపెనీల కంప్యూటర్లలో మాత్రం ఆపి ఉంచారు. కావాలంటే అడ్మినే దాన్ని తెరవాలి. ఎందుకంటే ఇది చెరువుకు ఇంకో తూము. దాని తాళంచెవి ఎవరి దగ్గర ఉండాలో ఆ ఊరి నీరడే తేల్చుకోవాలి.